కవరు మీద పేరు లేని కానుక



ఈ వరుసలో ఇది ఏడో భాగం. ఈసారి మన పల్లెల్లో, మన ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఎత్తుకుంటున్నాను. ఒక దళిత క్రైస్తవ జంట పెళ్ళినాటి నుంచి సమాధి దాకా చర్చికి ఇచ్చే డబ్బు గురించి.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఒకటి, దశమ భాగం పేరుతో కూలి చేసుకునే మనవాళ్ళ దగ్గర వసూలు చేస్తున్నదానికి బైబిల్లో ఆధారం లేదు. రెండు, ఆ డబ్బు ఏమవుతోందని మనవాళ్ళు అడగలేకపోతున్నారు. వాళ్ళు అమాయకులు కాబట్టి అడగట్లేదని ఊరి పెద్దకులాలు అనుకుంటాయి. అసలు కారణం 1950లో ఢిల్లీలో రాసిన ఒక ఉత్తర్వులో ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే మనకు చర్చీ అర్థం కాదు, రాజ్యమూ అర్థం కాదు.

ముందు లెక్క చూద్దాం.

ఒక జంటను ఊహించుకోండి. పేర్లు అక్కర్లేదు, ప్రతి పల్లెలో ఉన్నారు. అతను సెంట్రింగ్ పనికి పోతాడు, ఆమె అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరిదీ కలిపి నెలకు 25,000 వస్తుందనుకుందాం. పెళ్ళినాడు చర్చికి కట్టాలి, అయ్యగారికి బట్టలు పెట్టాలి. కాపురం మొదలైన నెల జీతం ప్రథమ ఫలం. బిడ్డ పుడితే ప్రతిష్ఠ కానుక. పుట్టినరోజుకూ పెళ్ళిరోజుకూ కృతజ్ఞత కానుక. ఇంటికి ముగ్గు పోస్తే ప్రార్థన, స్లాబు పడితే ప్రార్థన, రెండింటికీ కవరు. మూడు రోజుల కూటాలకు చందా. మందిరం ప్రహరీ గోడకు సిమెంటు బస్తాలు. పిల్లాడికి సీటొస్తే దేవుడిచ్చాడు కాబట్టి కానుక. సీటు రాకపోతే కానుక ఎక్కడో ఎగ్గొట్టారు కాబట్టి రాలేదని ప్రసంగం. చివరికి మనిషి పోయాక, బాకీ ఉన్న సంఘ చందా కడితే తప్ప సమాధుల తోటలో ఆరడుగుల జాగా చూపించని చోట్లు కూడా ఉన్నాయి.

వీటన్నిటి మీదా నెల నెలా దశమ భాగం. 25,000లో 2,500. ఏడాదికి 30,000. ముప్పై ఏళ్ళ సంసారంలో 9 లక్షలు. వడ్డీ కట్టలేదు, పైన చెప్పిన కవర్లు ఇందులో కలపలేదు.

ఇదే జంట జూన్ నెలలో కాలేజీ ఫీజుకు 30,000 అప్పు చేస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 900, ఏడాదికి 10,800. అంటే చర్చికి ఇచ్చినంత మొత్తాన్నే షావుకారు దగ్గర తెచ్చుకుని, దాని మీద మూడో వంతు పైన వడ్డీ కడుతున్నారు. ఆ అప్పు పుట్టకపోతే డ్వాక్రా గ్రూపు మీద పడతారు. గ్రూపులో సంతకం పెట్టేది ఆమె, వాయిదా తప్పితే మాటలు పడేది ఆమె. చర్చి కమిటీలో కూర్చునేది మాత్రం అతనో, అతనిలాంటి మరో మగవాడో.

పదో వంతు అందరికీ సమానమే కదా అంటారు. పదిహేను వేలు వచ్చే ఇంట్లో పదో వంతు అంటే గ్యాసు, బియ్యం, అత్తగారి బీపీ మాత్రలు. లక్షన్నర వచ్చే నాబోటి లెక్చరర్ ఇంట్లో పదో వంతు పోయినా పాల ప్యాకెట్ ఆగదు. అంకె ఒకటే కావచ్చు. ఆ అంకె ఎవరి కంచంలో చెయ్యి పెడుతోందో చూడాలి.

ఇప్పుడు గ్రంథం తెరుద్దాం. మనకు చదువు నేర్పింది ఆ గ్రంథమే కాబట్టి దాన్ని చదివే హక్కు మనకుంది.

లేవీయకాండం 27లో దశమ భాగం దేని మీద వేశారు? నేల పంట మీద, చెట్ల కాపు మీద, పశువుల మంద మీద. భూమి ఉన్నవాడి మీద, మంద ఉన్నవాడి మీద. కూలివాడి రోజు కూలిలో పదో వంతు తెమ్మన్న మాట అక్కడ లేదు. కూలివాడి గురించి ధర్మశాస్త్రం చెప్పింది వేరు. వాడి కూలి పొద్దు గుంకేలోపే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24 చెబుతుంది. మరి ఆ పదో వంతు ఎవరికి? సంఖ్యాకాండం 18 ప్రకారం లేవీయులకు, ఎందుకంటే వాళ్ళకు భూమిలో వాటా లేదు. ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం మూడేళ్ళకోసారి ఊళ్ళోనే కూడబెట్టి లేవీయుడికి, పరదేశికి, తండ్రి లేని పిల్లకు, విధవరాలికి. వాళ్ళు కడుపునిండా తినాలని.

ఈ జాబితాను మన పల్లెకు తెచ్చి చూడండి. భూమిలో వాటా లేనిది ఎవరికి? ఊరికి బయట ఉంచింది ఎవరిని? తరతరాలుగా భూమి లేకుండా చేసిన మాల మాదిగలు ఆ చట్టం కింద దశమ భాగం పుచ్చుకోవలసినవాళ్ళు. తిరగేసి, ఇవ్వాల్సినవాళ్ళని చేశారు. ఇది ప్రసంగంలో దొర్లిన పొరపాటు అనుకోను. భూమి లేనివాడి దగ్గర భూమి శిస్తు వసూలు చెయ్యడం ఇది.

మలాకీ మూడో అధ్యాయం ఎనిమిదో వచనం రాని పల్లె లేదు. దేవుణ్ణి దోచుకుంటున్నారన్న ఆ మాట ప్రతి ముసలమ్మకూ కంఠతా వచ్చు. అదే అధ్యాయం ఐదో వచనం ఎంతమంది విన్నారు? మూడు వచనాల ముందే, కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాలినీ తండ్రి లేని బిడ్డలనూ అణిచేవాళ్ళ మీద దేవుడు సాక్షిగా నిలబడతానంటాడు. ఇంకొంచెం వెనక్కి, రెండో అధ్యాయానికి పోతే తిట్లు తింటున్నది యాజకులు. పుస్తకంలో సగం తిట్లు వేదిక మీద కూర్చున్నవాళ్ళకు. వేదిక మీదినుంచి చదివేటప్పుడు మాత్రం అవి మాయమై, చాప మీద కూర్చున్నవాళ్ళకు రాసినవే మిగులుతాయి.

నెహెమ్యా 13 చదవండి. దశమ భాగపు ధాన్యం దాచే గదిని ఎల్యాషీబు అనే యాజకుడు తన బంధువు టోబీయాకు సొంత గదిగా ఇచ్చేశాడు. నెహెమ్యా వచ్చి సామాను బయట పారేయించి, గది శుభ్రం చేయించి, నమ్మకస్థులైన నలుగురికి లెక్క అప్పజెప్పాడు. ప్రజలు మళ్ళీ ధాన్యం తెచ్చింది గది శుభ్రమయ్యాకే. కానుకతో పాటే లెక్క. ఈ అధ్యాయం మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా?

ఇక పేద విధవరాలు వేసిన రెండు కాసులు. మార్కు 12లో ఆ కథ 41వ వచనంలో మొదలవుతుంది. 40వ వచనంలో యేసు ఏమన్నాడు? విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రులకు ఎక్కువ శిక్ష పడుతుందన్నాడు. 13వ అధ్యాయం మొదట్లో, ఆ గుడిలో రాయి మీద రాయి మిగలదన్నాడు. ముందు వెనకలు తీసేస్తే ఆమె త్యాగానికి ఆదర్శం అవుతుంది. ముందు వెనకలు కలిపితే ఆమె దోపిడీకి సాక్ష్యం అవుతుంది. చెవి కమ్మలు తీసి కానుక సంచిలో వేసిన మన నాయనమ్మలను గుర్తుపెట్టుకుని ఆ భాగం మళ్ళీ చదవండి.

అయితే ఇవ్వడమే తప్పా? కాదు. ఇవ్వడం మనవాళ్ళ గౌరవానికి గుర్తు కూడా. ఆ చరిత్ర తెలియకుండా చర్చి మీద రాళ్ళు వేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది.

1876–78 కరువులో ఒంగోలు మిషన్‌కు చెందిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగలు, మాలలు అక్కడ మట్టి మోసి కూలి తీసుకున్నారు. కరువు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మారారన్న మాట రాకూడదని. తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం మతం మారారని ఇప్పటికీ అనేవాళ్ళకు ఇదే జవాబు. కాలువ తవ్వి కూలి తెచ్చుకున్నవాళ్ళను భిక్షగాళ్ళు అనకండి.

డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య క్రైస్తవ దానం మీద ఒక పుస్తకమే రాశారు. ఆయన మేత్రాసనంలో అత్యధికులు మాల మాదిగలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్ చూడండి, పేదల సంఘం కట్టుకున్న గుడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ రోజుల కానుక ఏమిటి? ఎసట్లో బియ్యం పోసేముందు ఇంటావిడ తీసి పక్కన కుండలో వేసే పిడికెడు బియ్యం. కోతల పండగనాడు మోసుకొచ్చిన ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు. అందరి ముందూ వేలం పాడేవాళ్ళు, ఎంత వచ్చిందో అందరికీ తెలిసేది. ఆ బియ్యం మీద బతికే పంతులు అదే పల్లెలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. ఇచ్చింది ఎటు పోయిందో కళ్ళముందు కనపడేది. ఊరి గుడి మెట్టెక్కనివ్వని మనిషి తన గుడి తాను కట్టుకోవడంలో ఎంత ఆత్మగౌరవం ఉందో, ఆ గుడి మనకు ఇవ్వకపోయినా చదువు చెప్పిన నా పుస్తకాలకంటే మా పల్లె ముసలివాళ్ళకే బాగా తెలుసు.

మారింది ఎక్కడ? కుండలో బియ్యం పోయి కవరులో నోటు వచ్చినప్పుడు కొంత మారింది. కవరు పోయి గోడ మీద క్యూఆర్ కోడ్ వచ్చినప్పుడు ఇంకా మారింది. ఆ కోడ్ వెనక ఉన్న ఖాతా సంఘం పేరు మీద ఉందా, అయ్యగారి పేరు మీద ఉందా, వాళ్ళబ్బాయి పేరు మీద ఉందా, స్కాన్ చేసినప్పుడు ఒక్కసారి పేరు చదవండి. ట్రస్టు పెడితే అందులో ఆయన, ఆయన భార్య, ఆయన బావమరిది. కానుకను ‘విత్తనం’ అంటారు. వెయ్యి విత్తితే లక్ష కోస్తావంటారు. పల్లెలో ఎవరికైనా వ్యవసాయం తెలుసు. విత్తనం ఎవడి పొలంలో చల్లితే పంట వాడిదే అవుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పల్లెలో రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టి, నెలకు నాలుగైదు వేలతో బతుకుతూ, అర్ధరాత్రి పిలిచినా ఆస్పత్రికి తోడొచ్చే పాస్టరయ్య ఈ వ్యాసానికి గురి కాదు. ఆయనా మనవాడే, ఆయన పొయ్యి వెలిగించడం సంఘం బాధ్యత. నేను మాట్లాడుతున్నది మన పొయ్యిలు ఆర్పి మేడలు కట్టినవాళ్ళ గురించి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత జరుగుతున్నా ఎవరూ లెక్క ఎందుకు అడగరు?

రాజ్యాంగ షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, 1950. అందులో మూడో పేరా. హిందువు కానివాడు ఎస్సీ కాడన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులనూ ముస్లింలనూ బయటే ఉంచారు. మతం మారిన ఎస్సీలను మన రాష్ట్రాల్లో బీసీ–సీలో వేసి ఒక శాతం చేతిలో పెట్టారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2025లో మాత్రం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న మనిషి పెట్టిన అట్రాసిటీ కేసు చెల్లదంది. కొట్టినవాడు కులం చూసే కొట్టాడు. కోర్టు మతం చూసింది.

అందుకని మన జంట కాగితం మీద హిందువు. ఎస్సీ రిజర్వేషన్, అట్రాసిటీ చట్టం, రెండూ ఆ ఒక్క సర్టిఫికెట్ మీద నిలబడ్డాయి. అది సిగ్గుపడాల్సిన పని కాదు. తాతల నుంచి కులం మోసినవాళ్ళకు రాజ్యం పెట్టిన అన్యాయమైన షరతు అది. కానీ దాని ఫలితం చూడండి. బాప్తిస్మం రిజిస్టరులో పేరు ఎక్కించడానికి భయం. సంఘ సభ్యుల జాబితాలో సంతకానికి భయం. రసీదు మీద పేరు రాయించుకోవడానికి భయం. కవరు మీద పేరు రాయరు, ప్రార్థన అంశం మాత్రం రాస్తారు.

సభ్యుల జాబితాలో పేరు లేనివాడికి సర్వసభ్య సమావేశంలో ఓటెక్కడిది? రసీదు లేనివాడు ఏ ముఖంతో లెక్క అడుగుతాడు? గట్టిగా అడిగితే, నీ సర్టిఫికెట్ సంగతి తెలుసులే అన్న ఒక్క మాట చాలు నోరు మూయించడానికి. 1950 ఉత్తర్వు మనకు రిజర్వేషన్ ఎగ్గొట్టి ఊరుకోలేదు. మన సొంత సంఘంలో మనల్ని పేరు లేని దాతలుగా, గొంతు లేని సభ్యులుగా చేసింది. లెక్క చెప్పని వేదికకు ఆ మూడో పేరా పునాది రాయి. అందుకే, కోట్లు దండుకునే పెద్ద పరిచర్యల్లో చాలావాటికి ఆ పేరా రద్దు పోరాటం మీద అంత ఉత్సాహం కనపడదు. కవరు మీద పేరు రాసే రోజు వస్తే, కవరు లోపలి లెక్క అడిగే రోజూ వస్తుంది.

రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి.

ఒకటి, ఇలా రాస్తే సంఘ్ పరివార్‌కు ఆయుధం ఇచ్చినట్టు కాదా? వాళ్ళకు నా వ్యాసం అవసరం లేదు, వాళ్ళ ఆయుధాలు వాళ్ళకున్నాయి. పాస్టరు లెక్క అడుగుతున్నట్టు నటించే వాళ్ళ నోటినుంచి మూడో పేరా తీసెయ్యమన్న మాట ఒక్కసారి రప్పించండి చూద్దాం. రాదు. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు, విగ్రహాల పెళ్ళిళ్ళకు వేలు తగలేసి పేదవాడి మెతుకు దగ్గర చెయ్యి ముడుచుకునే భక్తిని నిలదీశాడు. ఆ ప్రశ్న గుడిని అడిగితే చప్పట్లు కొట్టి, చర్చిని అడిగితే చెవులు మూసుకోవడం జాషువాను చదవడం కాదు.

రెండు, మన శిబిరంలోనే కొందరు మిత్రులంటారు, చర్చినే వదిలేస్తే పోదా అని. జనం ఎక్కడ ఏడుస్తారో, ఎక్కడ పాడతారో, చచ్చిపోతే ఎవరు పాడె మోస్తారో తెలియకుండా ఇచ్చే సలహా అది. పైగా ఇవ్వమని అడగడం పాస్టర్లు కనిపెట్టింది కాదు. 1956లో నాగపూర్‌లో ధమ్మ దీక్ష సమయంలో బాబాసాహెబ్ కూడా అడిగారు, సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మం కోసం ఇవ్వమని. 1978లో కాన్షీరాం బామ్‌సెఫ్ పెట్టి, రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చినవాళ్ళు సమాజానికి బాకీ తీర్చాలన్నారు. ఇవ్వడం మన ఉద్యమ సంప్రదాయం. కాబట్టి చర్చిని అడిగే లెక్క మన సంఘాలనూ అడగాలి. అంబేడ్కర్ జయంతి చందా లెక్క బోర్డు మీద రాయని యువజన సంఘానికి పాస్టర్‌ను ప్రశ్నించే అర్హత లేదు.

మరి ఒక జంట ఏం చెయ్యాలి? చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రేపు మీకూ జీతం వస్తుంది, మీరూ ఇల్లు కడతారు. మీ అమ్మానాన్నలు ఇప్పుడే ఇస్తున్నారు. వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. మా ఇంట్లో మేమిద్దరం పాటించేవీ, పల్లెలో నలుగురితో మాట్లాడి తేల్చుకున్నవీ చెబుతాను.

మొదటిది, అప్పు చేసి కానుక ఇవ్వొద్దు. మనిషికి ఉన్నదాన్ని బట్టి ఇస్తే చాలు, లేనిదాన్ని బట్టి కాదని పౌలు రెండో కొరింథీ 8లో తేల్చి చెప్పాడు. తరవాతి అధ్యాయంలో బలవంతం మీద ఇవ్వొద్దన్నాడు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు దేవుడికి అక్కర్లేదు.

రెండోది, అమ్మానాన్నల మందులూ, పిల్లల ఫీజులూ కానుకే. తల్లిదండ్రులకు పెట్టాల్సింది ‘కొర్బాను’ అని దేవుడి పేరు చెప్పి ఎగ్గొట్టేవాళ్ళను యేసు మార్కు 7లో కడిగి పారేశాడు. పిల్లలు కాలేజీలో ఉన్న ఆరేడేళ్ళు పిడికెడు బియ్యంతో సరిపెట్టండి. ఎవరైనా దొంగ అంటే ఆ అధ్యాయం చూపించండి.

మూడోది, ఆదాయం పెరిగేకొద్దీ వంతు పెరగాలి. కూలి చేసే జంటకు పదో వంతు అన్యాయం. నాబోటి జీతగాళ్ళకు పదో వంతు తక్కువ. రిజర్వేషన్‌తో వచ్చిన నౌకరీలో కూర్చుని, వాడలో చదువు ఆగిపోయిన పిల్లను చూడకుండా కార్ల వాయిదాలు కట్టే మన ఉద్యోగులకు ఈ మాట గట్టిగా తగలాలనే రాస్తున్నాను.

నాలుగోది, ఒకే సంచిలో వెయ్యొద్దు. మూడు భాగాలు చెయ్యండి. ఒకటి సంఘానికి, అందులో పాస్టరయ్య బతుకు కూడా ఉంది. ఒకటి పల్లెలో పిల్లల చదువుకు. ఒకటి పోరాటానికి. అట్రాసిటీ కేసులో సాక్షి కోర్టుకు పోవడానికి బస్సు చార్జీ లేక రాజీ పడుతున్న చోట, ఆ చార్జీ ఇవ్వడం దశమ భాగమే. మూడో ఏట పరదేశికీ విధవరాలికీ తీసిపెట్టమన్న చట్టానికి మన కాలపు అర్థం అది.

ఐదోది, ఇద్దరూ కూర్చుని నిర్ణయించండి. అపొస్తలుల కార్యాలు 5లో అననీయ, సప్పీరా కథను భయపెట్టడానికి వాడతారు. సరిగా చదవండి. పొలం అమ్మకముందు నీదే, అమ్మాక సొమ్మూ నీ చేతిలోనే ఉందని పేతురే అన్నాడు. తక్కువ ఇచ్చినందుకు కాదు, అబద్ధమాడినందుకు గద్దించాడు. ఇంకొకటి, మూడు గంటల తరవాత వచ్చిన సప్పీరాను విడిగా అడిగాడు. మొగుడు చెప్పాడుగా అని వదల్లేదు. తప్పుకు ఆమె విడిగా జవాబుదారీ అయినప్పుడు, నిర్ణయంలో ఆమెకు విడిగా మాట ఎందుకుండదు? కుండలో బియ్యం తీసిపెట్టే చెయ్యికి కమిటీలో కుర్చీ వెయ్యండి.

ఆరోది, లెక్క అడగండి. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన డబ్బును మోయడానికి, నింద రాకుండా, సంఘాలు ఎన్నుకున్న మనిషిని పౌలు వెంట పెట్టుకున్నాడు. పౌలుకు అవసరమైన సాక్షి మన అయ్యగారికి అక్కర్లేదా? మీ సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే జమాఖర్చు సభ్యుల ముందు పెట్టమనండి. కాకపోతే రిజిస్టర్ చేయించమనండి. ఒక్కరే అడిగితే వెలేస్తారు. పదిహేను జంటలు కలిసి అడగండి. ఏడాదికోసారి చర్చి తలుపు మీద ఒక కాగితం అంటించాలి. వచ్చింది ఇంత, పోయింది ఇంత, మిగిలింది ఇంత. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అవసరం లేదు, ఎవరి పేరూ బయటపడదు.

ఆ కాగితం కోసం వేదికతో కొట్లాడాలి. మూడో పేరా రద్దు కోసం ఢిల్లీతో కొట్లాడాలి. ఈ రెండూ వేరువేరు పోరాటాలని చెప్పేవాళ్ళను నమ్మకండి. వచ్చే కోతల పండగకు మీ ఊరు వెళ్తారు కదా, ఆ కాగితం మాట అక్కడే మొదలుపెట్టండి. ఏం జరిగిందో నాకు రాయండి. ఎనిమిదో భాగంలో మిషన్ స్థలాలు ఎవరి చేతుల్లోకి పోయాయో మాట్లాడుకుందాం.

జై భీమ్.